ముక్కు బాషాకు అందని జబ్బు

ప్రొద్దుటూరులో అమీర్ బాషా షెడ్డుకు బోర్డు లేదు. ముక్కు బాషా షెడ్డు అంటే చాలు, ఆటోవాళ్లు తెచ్చి సరిగ్గా గుమ్మం ముందు దింపుతారు. డీజిల్ బండి ఏది వచ్చినా బాషా మొదట చేసే పని ఒకటే. ట్యాంకు మూత తిప్పుతూనే ముక్కు దగ్గరికి చేర్చి, కళ్లు మూసుకుని, పక్క షెడ్డుకు వినపడేంత గట్టిగా గాలి పీలుస్తాడు. ఆ తర్వాత తీర్పు. కిరసనాయిలు కలిసిందనో, నీళ్లు దిగాయనో, ఏదో ఒకటి. ముప్పై ఏళ్లుగా ఆ తీర్పుకు ఎదురు చెప్పినవాడు లేడు.

కాకపోతే ఆ ముక్కు నాలుగేళ్లుగా పనిచేయడం లేదు. కరోనా వచ్చింది, పోయింది, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. ఇంట్లో భార్య గులాబ్‌బీకి తప్ప బాషా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంజను చప్పుడు విని, పొగ రంగు చూసి, పైపులు తడిమి రోగం కనిపెడతాడు. పేరు మాత్రం ముక్కు ఖాతాలో వేస్తాడు. ముక్కు పోయిందని ఊళ్లో పొక్కితే తన షెడ్డుకు కుక్క కూడా రాదని అతని భయం. ఆ భయం నిజమైనదే, రాత్రిళ్లు నిద్ర కూడా పట్టనివ్వదు.

అలాంటివాడి నెత్తిన గురురాజారావు కారు వచ్చి పడింది.

గురురాజారావు పురోహితుడు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, దసరాకు బండ్ల పూజలు, అన్నీ ఆయన చేతిమీదుగానే జరుగుతాయి. దసరా దాటినప్పటి నుంచి ఆయన పాత డీజిల్ కారుకు ఒక వింత జబ్బు పట్టుకుంది. దగ్గర్లోని జమ్మలమడుగుకు పోతే చక్కగా పోతుంది. అదే పులివెందులకు బయలుదేరితే ముద్దనూరు దాటాక లాగడం మానేస్తుంది. పక్కకు ఆపి పావుగంట కూర్చుంటే మళ్లీ ఏమీ ఎరగనట్టు బయలుదేరుతుంది.

బాషా ఫిల్టరు మార్చాడు. పైపులు మార్చాడు. పంపు విప్పి కడిగాడు. విప్పిన ప్రతిసారీ షెడ్డులో మూత తీసి గాలి పీల్చి, జమ్మలమడుగు దాకా నడిపి, అక్కడ టీ తాగి, మళ్లీ మూత తీసి గాలి పీల్చి, వెనక్కి వచ్చాడు. బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. లోపం యాక్సిలరేటరు తొక్కే గురురాజారావు కాలిలోనే ఉందని బాషా తేల్చుకున్నాడు.

మూడోసారి గురురాజారావు షెడ్డులోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. "మొన్న పులివెందులలో గృహప్రవేశం బాషా. నేను పోయేసరికి పాలు పొంగించేది అయిపోయింది. ఇంకో అయ్యవారిని పిలిపించుకున్నారు. నాకు ఇంత పెరుగన్నం పెట్టి పంపించినారప్పా!"

"బండిలో ఏమీ ల్యా స్వామీ."

"నీ ముక్కుకే అందలేదంటే ఇంగ కడపకు పోయి కంప్యూటరు పెట్టే షెడ్డులో చూపిస్తా."

ఆ మాట బాషాకు చురుక్కుమంది. "వద్దు స్వామీ! మళ్లీ పులివెందులకు ఎప్పుడు పోతాండారు? నేనూ వస్తా. మీరే నడపండి, నేను పక్కన కూసుంటా."

గురువారం పెళ్లి. ముహూర్తం పది గంటల యాభై రెండు నిమిషాలకు. డీజిల్ ముందురోజే నింపేశారు. పొద్దున బాషా అలవాటుగా మూత మీద చేయి వేయబోతే గురురాజారావు ఊరుకోలేదు. "వర్జ్యం మీదపడక ముందే ఊరు దాటాల. నీ వాసనలు దారిలో చూద్దువుగాని, ఎక్కు."

జమ్మలమడుగు దాటారు. ముద్దనూరు దాటారు. స్వామి కాలిలో ఏ లోపమూ లేదని బాషాకు అప్పటికే అర్థమైంది, పైకి అనలేదు. ఇంకాస్త దూరం పోయాక ఎత్తు రోడ్డులో కారు నీరసించింది. స్వామి తొక్కుతున్నాడు, బండి వినడం లేదు. అరటి గెలలు దింపి పోతున్న ట్రాక్టరు ఒకటి వెనక నుంచి వచ్చి వాళ్లను దాటేసింది. పోతూ పోతూ ఆ డ్రైవరు స్వామికి దండం కూడా పెట్టాడు. కారు నాలుగు గజాలు ఈడ్చుకుంటూ పోయి ఆగిపోయింది. టైము పదీ ఐదు.

"చూసినావా? నేను అబద్ధం చెప్తాండానా?" అన్నాడు గురురాజారావు, ఏడుపు ఒక్కటే తక్కువగా.

బాషా బానెట్ ఎత్తాడు. అన్నీ కొత్తవే, అన్నీ బాగానే ఉన్నాయి. డీజిల్ అందడం లేదేమోనని అనుమానం వచ్చింది. "స్వామీ, డిక్కీలో డీజిల్ క్యాను ఉందా? ఫిల్టరులో కొంచెం పోసి చూస్తా."

స్వామి కంగారులో చేతికందిన క్యాను తెచ్చి ఇచ్చాడు. బాషా మూత తీసి, కళ్లు మూసుకుని, నిండుగా గాలి పీల్చాడు. "ఫస్టు క్లాసు డీజిలు స్వామీ. చుక్క కల్తీ ల్యా."

గురురాజారావు క్యాను వైపు చూశాడు, బాషా వైపు చూశాడు. "బాషా," అన్నాడు మెల్లగా, "అది నువ్వుల నూనె. పెండ్లిలో దీపాలకు తెచ్చినా."

బాషా క్యానుకు మూత బిగించి కింద పెట్టాడు. ఇక దాచి లాభం లేదు. "నాలుగేండ్లయింది స్వామీ. కరోనాతో పాయ. మా ఇంటామె బిర్యానీ చేసినా తెలీదు, మాడబెట్టినా తెలీదు."

"మరి మా బండి మూత తీసినప్పుడల్లా అంత గట్టిగా పీలుస్తాంటివే?"

"పీల్చకుంటే నా కాడికి యవురొస్తారు స్వామీ?"

బాషా వెళ్లి ట్యాంకు దగ్గర నిలబడ్డాడు. అలవాటు కొద్దీ చేయి మూత మీదికి పోయింది. ఇప్పుడు ఎవరి కోసం పీల్చాలి? ముక్కు దూరంగానే ఉంచి, ఊరికే తిప్పాడు.

హుస్సుమని చప్పుడైంది. ఆయాసం పట్టినవాడు గాలి లాక్కున్నట్టు ట్యాంకు పొడుగ్గా ఊపిరి లాక్కుంది. మూత తీసిన ప్రతిసారీ అది ఇలాగే లాక్కుని ఉంటుంది. తన ముక్కు మోతలో తనకే వినపడలేదు.

బాషా మూతను వెలుగులో తిప్పి చూశాడు. దాని మీద గంధం, పసుపు, కుంకుమ ఎండిపోయి సిమెంటులా బిగుసుకున్నాయి. "ఈడ సూది మొనంత బెజ్జం ఉంటుంది స్వామీ. డీజిలు పోయేకొద్దీ దాంట్లోంచి గాలి లోపలికి రావాల. అది మూసుకపోయింది. ట్యాంకుకు ఊపిరాడ్డం ల్యా. మూత తీస్తే కుదుటపడుతుంది, శానాసేపు ఆపినా కుదుటపడుతుంది. పులివెందుల దాకా ఒక్క బిగిన పోతే సచ్చిపోతుంది. నేను మాటిమాటికీ తీసి పీలుస్తాంటే ఇంగ యాడ దొరుకుతుంది?"

గురురాజారావు ముఖం తెల్లబోయింది. "దసరా పూజకు నేనే పెట్టినా. వానకు పోకుండా ఉంటుందని తుమ్మబంక కలిపినా."

"బంకనా!"

"నీ చేతిలోనే ఉండె కదా ఇన్నాళ్లూ. తుడవకూడదా?"

"మీరు పెట్టిన పసుపు నేనెట్ల తుడిచేది స్వామీ?" అన్నాడు బాషా.

స్వామి తన కండువా కొసతో తానే మూత తుడిచాడు. బాషా జేబులోని పిన్నీసుతో బెజ్జం పొడిచాడు. కారు పులివెందుల దాకా ఎక్కడా తగ్గకుండా పోయింది. పదీ నలభైకి పెళ్లి పందిట్లో ఉన్నారు. దిగబోతూ స్వామి బాషా చేయి పట్టుకున్నాడు. "ఈ దసరాకు ఊళ్లో నలభై బండ్లకు అదే బంక పెట్టినా. తెలిస్తే నన్ను ఇంగ ఎవరూ పూజకు పిలవరు. నువ్వు బంక మాట ఎత్తొద్దు, నేను ముక్కు మాట ఎత్తను."

"ఎత్తను స్వామీ, ఒట్టు."

మరుసటి రోజే దువ్వూరు నుంచి కూరగాయలు తెచ్చే సరోజమ్మ డీజిల్ ఆటో వేసుకుని వచ్చింది. స్వామి అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. రాత్రంతా మనసు మనసులో లేక పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు.

"దసరా నుంచి లాగడం ల్యా మామా," అంది సరోజమ్మ.

బాషా మూత మీద చేయి వేసి, కళ్లు మూసుకుని, ఛాతీ పొంగించాడు.

"ఆ తంతు యాల మామా?" అంది సరోజమ్మ. "నీ ముక్కు పోయిందని ఊరంతకూ తెలుసు. పోయిన ఏడు షెడ్డు పక్కన ఎలుక సచ్చి మూడు దినాలు కంపు కొడతాంటే, నువ్వు దాని పక్కన్నే కూసోని బువ్వ తింటివి."

బాషా కళ్లు తెరిచాడు. పక్క షెడ్డువాళ్లు తల దించుకుని నవ్వుతున్నారు. నాలుగేళ్ల భయం ఏమైపోయిందో అర్థం కాలేదు. "తెలిసి కూడా నా కాడికే యాల వస్తాండారమ్మా?"

"బండి బాగైతాందని. నీ ముక్కుతో మాకేం పని? పెద్దోనివి, నొచ్చుకుంటావని యవురూ అనల్యా."

బాషా మూత తిప్పాడు. హుస్సుమంది. సరోజమ్మ ముందుకు వంగింది. "ఏందది? రోగమేంది?"

బాషా బెంచీ వైపు చూశాడు. స్వామి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బిగదీసుకుని కూర్చున్నాడు. బాషా పసుపు బంక బిగుసుకున్న మూతను అరచేతిలో దాచుకున్నాడు.

"దుమ్మమ్మా," అన్నాడు. "దువ్వూరు రోడ్డు దుమ్ము."

బెంచీ మీద స్వామి వదిలిన ఊపిరి పక్క షెడ్డుకు వినపడింది.