గాలి పీల్చండి, కదలకండి

నా మొట్టమొదటి గిరాకీతో నేనన్న మొదటి మాట, "మెడలో గొలుసు తీసెయ్యండి."

ఆయన మా వీధి చివర బేకరీ నడుపుతాడు. కొట్టు గుమ్మంలో పెట్టుకోవడానికి తన ఫోటో ఒకటి కావాలని, తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గొలుసు తీయమనగానే పాపం ఒకసారి తలుపు వైపు చూసి, మారు మాట్లాడకుండా తీసి బల్ల మీద పెట్టాడు. "వాచీ కూడా," అన్నాను. వాచీ తీశాడు. "జేబులో తాళాలు, చిల్లర ఏమైనా ఉంటే..." అంటుండగా తెర అవతల కుట్టు మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఏమ్మాయ్," మా వదిన తెర పక్కకి లాగి తల లోపలికి పెట్టింది. "ఫోటో తీస్తున్నావా, నిలువుదోపిడీ చేస్తున్నావా?"

అప్పటిగ్గానీ నాకు తెలివి రాలేదు. నాలిక కరుచుకుని, ఆయన సొత్తు ఆయనకి అప్పజెప్పి, సిగ్గుతో చెవులు కాలిపోతుంటే కెమెరా వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అక్కడితో గండం గడిచిందనుకున్నాను. కన్ను కెమెరాకి ఆనించానో లేదో, నోరు దాని పని అది చేసుకుపోయింది. "గాలి గట్టిగా పీల్చండి. ఆపండి. కదలకండి." నొక్కాను. "ఇక వదలండి."

ఫోటోలో బేకరీ ఆయన బుగ్గలు ఆయన అమ్మే బన్నుల్లా పొంగి ఉన్నాయి. కనుగుడ్లు బయటికి వచ్చేలా ఉన్నాయి. "ఇది నేనేనా అమ్మా?" అని అడిగాడు. మంచి మనిషి, నోరెత్తకుండా డబ్బిచ్చి తీసుకెళ్ళాడు. గుమ్మంలో మాత్రం పెట్టలేదు. నేను రోజూ అటువైపు వెళ్ళి చూసొచ్చేదాన్ని.

అలవాటులో పొరపాటు అంటే ఇదే. పదేళ్ళకు పైగా నేను చేసిన పని ఎక్స్‌రేలు తీయడం. ఊపిరితిత్తులు, మోకాళ్ళు, విరిగిన మణికట్లు, ఒకసారి చంటిపిల్ల మింగిన బొత్తాం. నా దగ్గరికొచ్చిన వాళ్ళెవరూ సరదా పడి రాలేదు. తీసిన ఫిల్మును చేతికిస్తే అందరూ ఒక్కలాగే దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఏమైనా ఉందా?" అని నా మొహంలోకి చూసేవాళ్ళు. చెప్పడానికి నేనెవర్ని, డాక్టరు గారు చెప్పాలి. ఇన్నేళ్ళూ ఇన్ని వేల బొమ్మలు తీశాను కదా, నేను తీసిన బొమ్మ చూసి ఒక్క మనిషి సంతోషపడితే చూడాలని నాకు పిచ్చి కోరిక పట్టుకుంది. ఆ కోరికతోనే కెమెరా కొన్నాను. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు పెట్టె పక్కన పెట్టుకుని అన్నం తిన్నాను, అంత సంబరం.

మా వదిన దర్జీ. తన కొట్టులో సగం నాకిచ్చి నడిమధ్య తెర కట్టింది. "ఈ నెలాఖరు దాకా చూద్దాం. నడిస్తే నీ అదృష్టం, లేకపోతే అక్కడ నేనింకో మిషను వేసుకుంటాను," అంది. డాక్టరు గారు కూడా దాదాపు అదే మాట అన్నారు. "నీ కుర్చీలో నెలాఖరు దాకా ఎవర్నీ కూర్చోబెట్టను. ఆ తర్వాత నన్ననకు." ఇద్దరూ నా మంచి కోరే చెప్పారు. నాకు మాత్రం మళ్ళీ ఆ కుర్చీలోకి వెళ్ళాలని లేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పొద్దున్నే వదినకంటే ముందే వచ్చి కొట్టు తెరిచేదాన్ని. నేల తుడిచి, లైట్లు వెలిగించి, ఎవరూ లేని కుర్చీకి నాలుగు ఫోటోలు తీసేదాన్ని. కుర్చీ ఎంత బాగా పడేదో! ఊపిరి లేని వస్తువు కాబట్టి నా మాట దాన్నేం చేయలేకపోయేది. మనుషులతోనే వచ్చింది చిక్కంతా.

రిటైరైన మాస్టారొకాయన వస్తే, గడ్డం పట్టుకుని పైకెత్తి, భుజం మెల్లగా ముందుకు తోసి, "ఇక్కడ నొప్పిగా ఉందా?" అని అడిగాను. కొత్తగా పెళ్ళైన జంట వస్తే పెళ్ళికూతుర్ని మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకోవడం నాకు చేతనైన పద్ధతిలోనే చేశాను. "మీ వెన్నెముక ఎంత నిటారుగా ఉందండీ!" అన్నాను. ఆ అమ్మాయి నవ్వాలో ఏడవాలో తెలియక మొగుడి వైపు చూసింది. అతను తన వెన్నెముక సంగతి కూడా చెప్తానేమోనని కాసేపు ఎదురుచూశాడు. ఇద్దరి ఫోటో తీసే సమయానికి నా నోరు మళ్ళీ గాలి పీల్చమంది. నీళ్ళలో మునగబోతున్న జంటలా పడ్డారు.

"నీ ఫోటోల్లో అందరూ పైకి తేలడానికి చూస్తున్నారే," అంది వదిన.

ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. నేను 'గాలి' అనే మాట ఎత్తగానే తను తెర అవతల బల్ల మీద కత్తెరతో టక్కున కొడుతుంది, నేను నోరు మూసుకోవాలి. సాధనకి మా అన్నయ్యని కూర్చోబెట్టాం. టకటకలు ఎక్కువై వడ్రంగి కొట్టులా ఉందని వీధిలో వాళ్ళు తొంగి చూశారు. అన్నయ్య ఆ చప్పుడుకే హాయిగా నిద్రపోయాడు. ఆ ఫోటో ఒక్కటి బాగా వచ్చింది.

అన్నీ ఇలా ఏడుస్తున్నా నాకు లోపల ఉత్సాహం తగ్గలేదు, అదేం రోగమో. ఈగలు తోలుకుంటూ కూడా నవ్వుకునేదాన్ని. దారాల కండెలకి ఫోటో, వదిన చెప్పులకి ఫోటో, కిటికీలోంచి పడే ఎండకి ఫోటో. కానీ నెలాఖరు దగ్గరపడే కొద్దీ ఓరకంటితో కుర్చీ వైపు కాదు, వదిన కొలతల టేపు వైపు చూడటం మొదలుపెట్టాను. కొత్త మిషనుకి ఎంత జాగా పడుతుందో ఆవిడ కొలుస్తుందేమోనని.

ఆ ఆఖరి వారంలో నాకో అదృష్టం వదిన కుట్టిన బట్టల్లోంచి ఊడిపడింది. నలుగురు అక్కచెల్లెళ్ళు. అందరూ మనవలున్నవాళ్ళే. ఒకే ఆకుపచ్చ తానులోంచి నలుగురూ బట్టలు కుట్టించుకున్నారు, ఆ బట్టల్లోనే ఫోటో తీయించుకోవాలని. పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు కలిస్తే ఒక బస్సు నిండే సంసారాలు. "వీళ్ళకి నచ్చిందా, నీకు ఏడాది పొడుగునా పనే. నచ్చలేదా, ఊరంతా చెప్పేది కూడా వీళ్ళే," అని వదిన చెవిలో వేసింది.

పెద్దావిడ ముందే వచ్చి షరతు పెట్టి వెళ్ళింది. "గోడకి పెట్టుకునే ఫోటో అమ్మాయ్. హుందాగా ఉండాలి. ఎవరి పళ్ళూ కనపడకూడదు."

వాళ్ళొస్తామన్న శనివారం మధ్యాహ్నం డాక్టరు గారు ఫోన్ చేశారు. "సోమవారం వస్తున్నావా అమ్మా? రాకపోతే వేరే అమ్మాయి సిద్ధంగా ఉంది."

"సాయంత్రం చెప్తాను సార్," అన్నాను.

అక్కచెల్లెళ్ళు రావడం రావడమే పోట్లాటతో వచ్చారు. నడిమధ్య ఎవరు కూర్చోవాలి? పెద్దావిడ, "పెద్దదాన్ని నేనుండగా వేరే మాటేమిటి?" అంది. రెండో ఆవిడ, "గుడ్డ కొన్నది నేను," అంది. మూడో ఆవిడకి మోకాలు నొప్పి, కాబట్టి మంచి కుర్చీ తనకే కావాలి. చిన్నావిడ ఏ కారణమూ చెప్పకుండా వెళ్ళి కూర్చుండిపోయింది. నలుగురిలో నడిమధ్య అంటూ ఎవరూ ఉండరని నేను వేళ్ళు చూపించి మరీ చెప్పాను. నా వేళ్ళ వైపు చూసే ఓపిక ఎవరికుంది?

"ఎప్పుడూ ఇంతే. చిన్నప్పుడు నా దువ్వెన తీసుకుని తిరిగివ్వలేదు ఇది," అంది రెండో ఆవిడ, మూడో ఆవిడని చూపిస్తూ.

"దువ్వెనలో సగం పళ్ళు ఊడగొట్టి ఇచ్చింది ఎవరు?" అంది మూడో ఆవిడ.

చిన్నావిడ భుజం దగ్గర కుట్టు సర్దడానికి వదిన నోట్లో గుండుసూదులు పెట్టుకుని మధ్యలో నిలబడింది. లైట్ల వేడికి అందరి మొహాలూ చెమర్చాయి. పెద్దావిడ లేచి, "పదండే ఇంటికి, మీతో ఫోటో ఏమిటి!" అంది. సోమవారం, కుర్చీ, ఎవరో మనిషి వెలుతురుకు ఎత్తిపట్టిన ఫిల్ము, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

"కూర్చోండి!" అని అరిచాను. అది ఫోటోగ్రాఫరు గొంతు కాదు. కాలు విరిగినవాడు కూడా ఎదురు చెప్పని నా పాత గొంతు. "గాలి గట్టిగా పీల్చండి. ఆపండి. కదలకండి!"

వదిన తెర దగ్గరికి తప్పుకుంది. నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ టపటపా కూర్చున్నారు. గాలి పీల్చారు. ఆపారు. కదల్లేదు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను! నొక్కాను. హుందాగా పడ్డారు, ఒక్క పన్ను కనపడలేదు. కుడిచేతి వైపు కాస్త నీడ పడినట్టుంటే, మరొకటి తీద్దామని వెళ్ళి లైటు జరిపాను. కాలికి తగిలిన తీగ సర్దాను. మళ్ళీ వచ్చి కెమెరాలో చూసుకున్నాను.

టక్, టక్ అని కత్తెర మోగింది. వదిన వైపు చూశాను. నోటి నిండా సూదులు, మాట్లాడటానికి లేదు. ఇప్పుడు నేను గాలి మాట ఎత్తలేదు కదా, ఎందుకు కొడుతోంది? టక్ టక్ టక్. కనుబొమలతో కుర్చీల వైపు చూపిస్తోంది. చూస్తే నలుగురి మొహాలూ ఎర్రబడి, చిన్నావిడ మొహం అప్పుడే ఊదా రంగులోకి తిరుగుతోంది. 'వదలండి' అనడం మరిచిపోయాను! నలుగురు పెద్దవాళ్ళు నా మాట మీద గౌరవంతో అలా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

నేను నోరు తెరిచేలోపే చిన్నావిడ బుస్సుమంది. సైకిలు ట్యూబులోంచి గాలిపోయినట్టు. ఆ చప్పుడుకి మూడో ఆవిడ పగలబడి నవ్వింది. రెండో ఆవిడ ఆమె మీద పడింది. పెద్దావిడ కాసేపు హుందాగా ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, మూడో ఆవిడ తొడ మీద ఫెడీమని చరిచి, తల వెనక్కి వాల్చి నవ్వింది. కుర్చీ ఒకటి జారింది. నలుగురూ ఒకళ్ళని ఒకళ్ళు పట్టుకుని కుప్పగా ఊగిపోతూ, "ఒసే, చంపేస్తావే", "నీ మొహం చూసుకోవే", "దువ్వెన ఇవ్వవే ముందు" అని ఒకటే నవ్వు. నాకూ ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వుతూ నొక్కుతూనే ఉన్నాను.

అందరూ కళ్ళు తుడుచుకున్నాక కంప్యూటరు ముందుకు చేరారు. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుంది. ఆవిడ పై వరసలో ఒక పన్ను లేదు. ఆ సందు ఫోటోలో కిటికీ అంత స్పష్టంగా ఉంది.

"పళ్ళు కనపడకూడదన్నానా?"

"అన్నారండీ."

"మరిదేమిటి?"

వెంటనే మొదటి ఫోటో చూపించాను, హుందాగా ఉన్నది. నలుగురూ దాన్ని చాలాసేపు చూశారు. "ఇందులో మనం ఎవర్నో సాగనంపడానికి వచ్చినట్టున్నాం," అంది రెండో ఆవిడ. పెద్దావిడ మళ్ళీ వెనక్కి తిప్పమంది. నవ్వుల ఫోటో వచ్చింది. వేలు పెట్టి, తన వీపు మీద వాలి నవ్వుతున్న చిన్న చెల్లెల్ని తాకింది. "చూడవే దీన్ని. చిన్నప్పుడూ ఇంతే, నా మీద పడి నవ్వేది," అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను తీసిన బొమ్మ చూసి! నేను వాళ్ళకి అటు తిరిగి లైటు ఆర్పుతున్నట్టు నటించాను, కళ్ళలో నీళ్ళు కనపడకుండా.

"ఇది మా హాల్లో పెడతాం," అంది పెద్దావిడ.

"మీ హాల్లో ఎవరు చూస్తారు? మా గుమ్మం ఎదురుగా పెట్టాలి," అంది రెండో ఆవిడ.

"నాలుగు తీయించుకుంటే సరి," అన్నాను భయం భయంగా.

"నలుగురి గోడల మీదా ఒకటే ఫోటోనా?" అని నలుగురూ ఒక్కసారే నా మీదికి వచ్చారు. చివరికి పెద్దావిడే తీర్పు చెప్పింది. "నువ్వే వచ్చి మా నలుగురి ఇళ్ళలో తియ్యి. ఎవరి ఇంట్లో వాళ్ళు నడిమధ్య. కోడళ్ళూ పిల్లలూ వేరే. వచ్చే వారం మా ఇంటితో మొదలు." అక్కడే మళ్ళీ గొడవ మొదలైంది, ముందు ఎవరింట్లో అని. పోట్లాడుకుంటూనే మెట్లు దిగి వెళ్ళిపోయారు.

వదిన నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. "మిషను జాగా ఇంకోచోట చూసుకోవాలి నేను," అంది. ఎగిరి ఆవిడ మెడ పట్టుకుని గిరగిరా తిప్పాను. "వదులే, చేతిలో సూదులున్నాయి!" అని అరుస్తూ తనూ తిరిగింది.

ఊపిరి కుదుటపడకుండానే ఫోన్ తీశాను. "సార్, సోమవారం రావడం లేదండీ."

"అయితే కొట్టు బాగా నడుస్తోందన్నమాట."

"ఇవాళే పాకడం మొదలుపెట్టింది సార్."

డాక్టరు గారు నవ్వారు. "నిలకడైన ఉద్యోగం అమ్మా. ఇక్కడ నీకేం తక్కువైంది?"

ఏం చెప్పాలో ముందుగా అనుకోలేదు. నోటికి అదే వచ్చింది. "అక్కడ బటన్ నొక్కే ముందు మనిషిని ఒంటరిగా వదిలేసి గది బయటికి వచ్చెయ్యాలి కద సార్. ఇక్కడ నేనూ వాళ్ళతో లోపలే ఉండొచ్చు."



"రేపు ఆదివారం తెరుస్తావా?" అన్నారు డాక్టరు గారు. "మా ఆవిడా నేనూ వస్తాం."