కూలర్ ముందు లాప్‌టాప్

మా తమ్ముడు శివరాజ్ తెలివిగలవాడని అమ్మ దెగ్లూర్ సంతదాకా చెప్పుకుంటుంది. ఆ తెలివే ఈ రోజు నా నోట్లో మట్టి కొట్టింది.

నేను కంప్యూటర్లో ఇళ్ల నమూనాలు గీస్తాను. పుణె కంపెనీ ఒకటి, కట్టబోయే ఇంట్లో మనిషి తిరుగుతున్నట్టు వీడియో చేసి సాయంత్రంలోగా పంపమంది. నచ్చితే ఉద్యోగం. లేకపోతే నాందేడ్‌లో ఈ గది ఖాళీ చేసి, అమ్మ వెంట పసుపు చేలలో కూలికి పోవడమే. పొద్దున వీడియో సగం తయారయ్యాక, మిగతాది దానంతటదే అవుతుందని వదిలి కూరగాయలకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి లాప్‌టాప్ కూలర్ ముందుంది. వెనకంతా చెమ్మ. తెర నల్లగా ఉంది.

రిపేరు షాపులో నందకిషోర్ దాన్ని విప్పి చూసి, "బోర్డ్ గేలా, తాయీ" అన్నాడు. బోర్డు పోయిందక్కా అని. ఎవరో గ్రాఫిక్స్ వేగం బలవంతంగా పెంచారట. ఇందులో గ్రాఫిక్స్‌కు వేరే కార్డు లేదు, ప్రాసెసర్‌లోనే ఉంటుంది, రెండింటికీ కలిపి ఒకటే చిన్న ఫ్యాన్. ఆ వేడి మీద కూలర్ తడి తగిలింది. ఫైళ్లు దక్కుతాయి గానీ, వాటిని తీయడానికే రేపవుతుంది, కొత్త బోర్డుకు వారం పడుతుందన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా వెంట వచ్చిన శివరాజ్‌ను షాపు మెట్ల మీదే పట్టుకున్నాను.

"గేమ్ కోసమే గదరా?"

"గేమ్ కాదక్కా. నీ వీడియో ఆగుకుంట ఆగుకుంట నడుస్తుండె. యూట్యూబ్‌ల చూసి స్పీడ్ పెంచిన. గరమైందని కూలర్ ముందర పెట్టిన."

మా ఇంట్లో వేడెక్కిన ప్రతిదానికీ కూలరే మందు. జ్వరమొచ్చిన పిల్లనైనా, విరిగేలా ఉన్న పాలనైనా తడిగడ్డి గాలికి పెడతారు. వాడూ అదే చేశాడు. అది తలచుకుంటే కోపం ఇంకా పెరిగింది.

"నిన్నెవడు అడిగిండురా? ఆగుకుంట నడిచినా పొద్దుమీకే వరకు అయిపోతుండె గద! నాకు గదే చాలు!"

రోడ్డున పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను.

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కంపెనీవాళ్లకు ఫోన్ చెయ్యక్కా. తప్పు నాదని చెప్పు."

"వాళ్లకు నువ్వెవరో తెల్వదురా" అన్నాను. "వాళ్ల దగ్గర ఉన్నది నా పేరు."