అరస్వరం తేడా

“కాదు,” అంది మేడమ్.

అది మూడో ‘కాదు’. మోగించిన పది స్వరాల్లో అయిదింటి పేర్లు తప్పు చెబితే ఇంటికేనని తలుపు మీద అంటించిన కాగితంలో ఉంది. ముప్ఫయి రెండేళ్ళు నిండినవాళ్ళకి ఈ సంగీత పాఠశాలలో సీటు లేదనీ అందులోనే ఉంది. అతనికి వచ్చే నెలతో నిండుతాయి.

మేడమ్ పియానో మీద మరో మీట నొక్కింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. అనుమానమే లేదు.

“జి.”

“కాదు.”

ఇంకొకటి.

“బి.”

“కాదు.”

అయిపోయింది. అతను గిటారు సంచీ అందుకుని లేచాడు. తెల్లవారుజామున అయిదింటికి లేచిన ఒళ్ళు, లేవడానికి కూడా బద్ధకించింది.

“కూర్చోండి,” అంది మేడమ్. “ఊహించి చెబితే ఒక్కటైనా పొరపాటున తగలాలి. మీవి అయిదూ తప్పే. అయిదూ సరిగ్గా అరస్వరం ఎక్కువే. చెవి బంగారంలా ఉంది. దానికెవరో దొంగ తూకం అలవాటు చేశారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?”

“ఎవరూ లేరండీ. పుస్తకం చూసి నేనే.”

“పుస్తకం మోగదుగా! గిటారు దేంతో శ్రుతి చేస్తారు?”

అతను గిటారు సంచీ పట్టీ సర్దుకున్నాడు. చెబితే నవ్వుతుందనిపించింది.

మేడమ్ సొరుగులోంచి ఇనుప శ్రుతిదండం తీసి అతని చేతిలో పెట్టింది. “దీన్ని కొడితే అసలైన ‘సి’ మోగుతుంది. అయిదింటిదాకా ఇక్కడే ఉంటాను. దొంగ ఎవరో తేల్చుకుని రండి, మళ్ళీ అడుగుతాను. తేలకపోతే మాత్రం తీసుకోను. మీ పక్కన కూర్చున్నవాళ్ళ చెవులు కూడా చెడతాయి.”

బస్సులో నిలబడే వెళ్ళాడు. దిగింది తను పనిచేసే చోటే. పెద్దాసుపత్రి నేలమాళిగలో ఉతుకుడు విభాగం. పన్నెండేళ్ళుగా అక్కడ దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆవిరికి గోడల రంగు ఎప్పుడో ఊడింది. ఇస్త్రీ యంత్రం వెనక గోడ మీద దుస్తులకు గుర్తులు పెట్టే పెన్సిలుతో గీసిన అయిదు గీతలు, వాటి మీద స్వరాలు. అదే అతని నల్లబల్ల. పాతపుస్తకాల కొట్టులో కొన్న పుస్తకంలోంచి రోజుకో పేజీ చింపి జేబులో పెట్టుకొచ్చేవాడు. దుప్పటికీ దుప్పటికీ మధ్య చదివేవాడు. ఆ పుస్తకంతో రావలసిన సీడీ రాలేదు. చేతిలో ఉన్నది మీటల ఫోను.

అందుకని దుప్పట్లు ఆరబెట్టే డ్రయర్‌ని పట్టుకున్నాడు. నలభై నిమిషాలకోసారి అది కూస్తుంది. ఆ కూత ‘సి’. దాని మీద మూడో స్వరం, అయిదో స్వరం గొంతులో పలికించుకునేవాడు. రెండేళ్ళలో అది నరాల్లోకి ఇంకిపోయింది. ఇంటికెళ్ళి అదే గుర్తుతో తీగలు బిగించేవాడు.

మూడింటికి పది నిమిషాలుంది. డ్రయర్ కూసింది. అతను దండాన్ని బల్ల అంచుకు కొట్టి చెవికి ఆనించాడు.

కూతకీ దండానికీ గిటారు మీద ఒక్క మెట్టు తేడా, సరిగ్గా అరస్వరం. రెండేళ్ళ చదువంతా ఆ ఒక్క మెట్టు పక్కన నిలబడి ఉంది.

“ఏరా, సీటొచ్చిందా?” డ్రయర్ వెనకనుంచి బాకా తాత తల బయటపెట్టాడు. ఉద్యోగంలో తాతకి ఇదే ఆఖరి రోజు. ఇక్కడికి రాకముందు పదేళ్ళు బ్యాండులో ఉన్నానని చెప్పేవాడు, ఆ పేరు అలా వచ్చింది.

“తాతా, ఈ కూత సి అని చెప్పావు గుర్తుందా?”

“ఉంది.”

“కాదంట.”

తాత చేతిలోని తడిదుప్పటి తొట్టిలోకి జారవిడిచాడు. “ఎంత తేడా?”

“అరస్వరం.”

“అంతేనా! ఇంకా చాలా దూరం ఉంటుందని భయపడి చచ్చాను.”

అతనికి నవ్వు రాలేదు. తాత తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

“నేను బాకా ఊదలేదురా. మోశాను. వాళ్ళు ఊదడం అయ్యాక తుడిచి పెట్టెలో పెట్టేవాణ్ణి. వాళ్ళు తింటుంటే పెట్టెలకి కాపలా కాసేవాణ్ణి.”

“తెలీదని చెప్పొచ్చుగా నాతో! వయసైపోతోంది నాకు.”

“నోరు రాలేదురా. ముప్ఫయ్యేళ్ళుగా ఇక్కడ నన్ను అడిగిందంతా దుప్పట్లు ఆరాయా అని. నువ్వొక్కడివి వచ్చి, ఇదేం స్వరం తాతా అన్నావు. బ్యాండువాళ్ళ నోట ఎప్పుడూ నలిగేది సి. అదే అనేశా. మర్నాడు చూస్తే గోడ మీద రాసేసుకున్నావు. ఇంకేం చెప్పను?”

బస్సులో కూడబెట్టుకున్న కోపం అతనికి ఉన్నట్టుండి బరువైపోయింది. దించేశాడు.

తాత చొక్కా తొడుక్కున్నాడు. “మీ మేడమ్‌కి నా పేరు చెప్పెయ్. నాకింక ఊడేదేముంది?”

మూడింటికి గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. డ్రయర్ మీద తాత మందపాటి చేతితొడుగులు మిగిలాయి. వేళ్ళ చివర్లు మాడి, వేడికి బిగుసుకుపోయి, ఇంకా ఏదో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

అయిదింటికి పది నిమిషాల ముందు మేడమ్ మళ్ళీ పియానో మూత తెరిచింది. ప్రతి స్వరానికీ ముందు డ్రయర్ చెప్పిన పేరే నాలుక మీదికొచ్చింది. దాన్ని మింగి, అరస్వరం దిగి చెప్పాడు. మరొకరి చెప్పులు వేసుకుని నడిచినట్టుంది. రెండుసార్లు దిగడం మరిచిపోయాడు. మిగతా ఎనిమిదీ సరిపోయాయి.

మేడమ్ కాగితం మీద సంతకం చేసింది. “సోమవారం సాయంత్రం నుంచి తరగతులు. ఇంతకీ దొంగ ఎవరు?”

నేరం యంత్రం మీదికి తోసేయొచ్చు. అది పాపం కూయడం తప్ప ఏమీ చెప్పలేదు.

“బాకా తాతండీ,” అన్నాడు. “మా గురువుగారు.”