మైకాయన పళ్ల సెట్టు

సాయంత్రం ఆరున్నర కాగానే ఆమె కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, చేతులు కడుక్కుని, మంచం పక్కన స్టూలు మీద గాజుగిన్నె పెట్టేది. గిన్నెలో సగం దాకా మామూలు నీళ్లు. ఆయన మొహం గోడవైపు తిప్పుకుని, పనిచేసే ఎడమచేత్తో పై పళ్ల సెట్టు తనే ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టేవాడు. ఆమె దాన్ని నీళ్లలో వదిలి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చునేది. నాలుగు బుడగలు లేచేవి. తర్వాత సెట్టు మాట్లాడేది.

"ప్రయాణికులకు మనవి. పదహారో నంబరు బస్సు నాలుగో ప్లాట్‌ఫాం మీదికి వస్తున్నది. దిగేవాళ్లను దిగనిచ్చి ఎక్కండి. తలుపులో నిలబడ్డ పెద్దమనిషీ, మిమ్మల్నే."

ఆమె భర్త ముప్పయ్యేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషి. మైకాయన అంటే తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. తప్పిపోయిన పిల్లలు, మర్చిపోయిన గొడుగులు, ఆలస్యమైన బస్సులు, అన్నీ ఆ గొంతులోంచే పోయాయి. ఇంటికొచ్చినా ఆ నోటికి తాళం పడేది కాదు. ఆమె సగం మాట నోట్లోనే మింగేసే రకం. ఇంట్లో మాట్లాడే పనంతా ఆయనకే వదిలేసి, దిండు గలీబులు కుట్టుకుంటూ హాయిగా వింటూ బతికింది.

పళ్ల సెట్లు మాట్లాడడం ఆ వీధిలో ఎవరికీ వింత కాదు. చిగుళ్ల రంగులో ఉండే ఆ ప్లాస్టిక్కులో కంటికి ఆనని బెజ్జాలుంటాయి. టీ మరక ఇంకినట్టే మాటలూ ఇంకుతాయి. రోజంతా నోట్లో ఉండి వెచ్చబడిన సెట్టును నీళ్లలో వేస్తే అవి బయటికొస్తాయి. ఎదురింటి డ్రిల్లు మాస్టారి సెట్టు గిన్నెలోంచే అందర్నీ వరసలో నిలబడమంటుంది. పిల్లి తప్ప ఎవరూ ఖాతరు చెయ్యరు. మూలింటి ముసలావిడ సెట్టు, ఆవిడ కునుకు తీస్తున్నా, కోడలితో పోట్లాట ఆపదు. కోడలు గిన్నె మీద మూత బోర్లించి తన పని తను చూసుకుంటుంది. మాట్లాడేవాళ్లకు మాటల కరువేముంది? పళ్లు కడిగే మాత్ర నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగి పైపైన ఉన్న మరకలూ మాటలూ కలిపి తీసేస్తుంది, మర్నాడు కొత్తవి ఎక్కుతాయి.

తొమ్మిదేళ్లుగా సెట్టు పెట్టుకుంటున్న మైకాయనకు కొత్తవి ఎక్కే దారి మూసుకుపోయింది. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడివైపూ మాటా ఒకేసారి పడిపోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఆమె అలవాటుగా మాత్ర వేసి సెట్టు కడిగింది. మర్నాడు సాయంత్రం గిన్నెలోంచి వచ్చిన గొంతు పల్చబడి ఉంది. ఆమె మాత్రల డబ్బా తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. బ్రష్షూ పడేసింది. ఆ రోజు నుంచి ఉత్త నీళ్లే.

ఎందుకంటే బస్సుల మధ్యలో, గొడుగుల మధ్యలో, రోజూ ఎక్కడో ఒకచోట గిన్నె ఇంకో మాట కూడా అనేది. డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆయన ఎప్పుడూ అనేమాట.

"ఏమోయ్, ఉన్నావా?"

"ఉన్నానండీ," అనేది ఆమె, గిన్నె వైపు వంగి. ఆయన మంచం మీంచి చూస్తూ ఉండేవాడు. ఆ ఒక్క మాట విన్నాక ఆమెకు అన్నం సయించేది.

వర్షాలు మొదలయ్యాక ఆయనకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము. పదిరోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. నెల తిరక్కుండా మళ్లీ అదే. రెండోసారి డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"పళ్ల సెట్టు ఎలా శుభ్రం చేస్తున్నారమ్మా?"

"రోజూ మాత్ర వేసి నానబెడుతున్నానండీ."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఆడిన అబద్ధాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది మాత్రం తడుముకోకుండా వచ్చింది. "ఒకసారి ఆ సెట్టు చేసినాయనకు చూపించండి. నోట్లో ఉన్న క్రిములే లోపలికి జారుతున్నాయని నా అనుమానం. మూడోసారి వస్తే నేను మాటివ్వలేను," అంది డాక్టరమ్మ.

సెట్టు చేసినాయన్ని అందరూ పళ్ల మేస్త్రీ అంటారు. మెట్ల కింద ఇరుకు గది, అరల నిండా సున్నపురాయి రంగు దవడ అచ్చులు, బల్ల మీద సానరాయి. ఆమె చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చేసరికి పొద్దున పది దాటింది. మేస్త్రీ సెట్టు తీసుకుని, బొటనవేలితో వెనక్కి తిప్పి రుద్ది, వేలు వాసన చూసుకున్నాడు. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి, మైకాయన గడ్డం పట్టుకుని నోట్లోకి టార్చి వేశాడు. చాలాసేపు ఆర్పలేదు.

"అక్కయ్యా, ఇలా రండి. ఇది చూశారా?"

ఆమె వంగి చూసింది. పై అంగిలి మొత్తం, సెట్టు ఆనినంత మేరా, పచ్చి పుండులా ఎర్రగా ఉంది. అంచుల్లో పెరుగు తుంపర్లలాంటి తెల్లమచ్చలు. ఏడు నెలలుగా ఆయన గోడవైపు తిరిగే సెట్టు పెట్టుకున్నాడు, గోడవైపు తిరిగే తీశాడు. సిగ్గనుకుంది ఆమె.

"బూజు పట్టింది," అన్నాడు మేస్త్రీ. "సెట్టుకు పట్టింది, దాన్నుంచి అంగిట్లోకి పాకింది. ఉత్త నీళ్లతో కడుగుతున్నారు కదూ?"

ఆమె తల దించుకుంది.

"మీరొక్కరే కాదులెండి. నోరు పడిపోయినవాళ్ల ఇళ్లల్లో అందరూ చేసే పనే ఇది. మా అమ్మ పోయే ముందు నేనూ చేశాను, ఈ పనిలో ఉండి కూడా."

"వెనిగర్ నీళ్లతో అయితే?" అంది ఆమె. "పైపైన."

"గార కరుగుతుంది. బూజు చావదు."

"మాత్రలు?"

"పైపొర పోతుంది. బెజ్జాల్లో దాక్కున్నది దాక్కున్నట్టే ఉంటుంది. ఇంత ముదిరాక బ్లీచింగు నీళ్లే. ఒక వంతుకు పది వంతుల నీళ్లు, పది నిమిషాలు. ఎక్కువ ఉంచితే రంగు వెలిసిపోతుంది. వేడినీళ్లు పోస్తే సెట్టే వంకరపోతుంది. ఇనప కొక్కేలుంటే నల్లబడేవి, మీదానికి లేవు, అదొక అదృష్టం."

"మాటలు?"

మేస్త్రీ బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. "బూజు ఉన్న చోటే అవీ ఉంటాయి అక్కయ్యా. ఒకటి పోయి ఒకటి మిగలదు."

"కొత్తది చెయ్యండి. పాతది గిన్నెలో దాచుకుంటాను."

"నోట్లో పెట్టుకోని సెట్టు పలకదు. ఆ రోజు ఒంటివేడి తగలాలి. ఫోన్లో పట్టుకుందామని చూసినవాళ్లూ ఉన్నారు. బుడగల చప్పుడు తప్ప రాలేదు."

ఒంటివేడి తగలాలన్న సంగతి ఆమెకు కొత్త కాదు. మైకాయనకూ కొత్త కాదు. ఆమె తిరిగి ఆయన వంక చూసింది. రోజూ పొద్దున కాఫీ కూడా తాగకముందే సెట్టు కోసం చెయ్యి చాపేవాడు. సాయంత్రం దాకా తియ్యనిచ్చేవాడు కాదు.

"నొప్పిగా ఉందా?"

అవునంటే ఆయన ఒకసారి కళ్లు మూస్తాడు. మూశాడు.

"మొదట్నించీనా?"

మళ్లీ మూశాడు.

"మరి ఎందుకండీ పెట్టుకోవడం?" అంది ఆమె. అడుగుతుండగానే తెలిసిపోయింది. ఆ పుండు మీద ఆ ప్లాస్టిక్కును అదిమిపెట్టి పగలంతా కూర్చున్నది, సాయంత్రం గిన్నె పలకాలనే. ఆమె కడగకుండా పెంచిన బూజును ఆయన తన నోట్లో దాచుకున్నాడు. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ కలిసి ఏడు నెలలుగా ఒక మనిషిని చంపుతున్నారు. ఆమె స్టూలు మీద కూలబడింది.

మేస్త్రీ బ్లీచింగు నీళ్లు కలిపాడు. గది ఘాటెక్కింది. సెట్టు బల్ల మీద లేదు. మైకాయన ఎడమ పిడికిలిలో ఉంది.

"ఇటివ్వండి."

ఆయన కళ్లు మూయలేదు. ఆమెనే చూస్తూ పిడికిలి గుండెకు ఆనించుకున్నాడు.

"మీరు నాకు కావాలి," అంది ఆమె. పెళ్లయ్యాక ఆమె ఇంత మాట ఎప్పుడూ అనలేదు. మేస్త్రీ ముందు అన్నందుకు సిగ్గు కూడా పడలేదు. "ఊపిరి ఉంటే చాలు. మాట లేకపోతే పోయింది."

ఆయన ఇవ్వలేదు. ఆమె ఒక్కొక్క వేలే విప్పింది. చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టింది. ముప్పయ్యేళ్లు మైకు స్విచ్చి నొక్కిన బొటనవేలు అన్నిటికన్నా గట్టిగా ఉంది. దాన్ని కూడా విప్పి, సెట్టు తీసుకుని, తన చేతులతోనే ఆ నీళ్లలో వేసింది. మేస్త్రీ గోడ గడియారం వైపు చూశాడు.

మొదటి నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో బస్సులు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి కాదు, అన్నీ ఒకేసారి, బస్టాండులో సెలవులనాటి రద్దీలా. గొడుగులు, పిల్లలు, డ్రైవర్లకు పిలుపులు, టీలో పంచదార తక్కువైందన్న గొణుగుడు, ఎవరినో ఆటపట్టించిన నవ్వు. వాటి మధ్యలోంచి "ఏమోయ్, ఉన్నావా?" అని వచ్చింది. వెంటనే ఇంకొకటి. తొమ్మిదేళ్ల సాయంత్రాలు ఒక్కసారే గుమ్మంలోకి వచ్చి పడ్డాయి. అలసిపోయిన ఏమోయ్, జీతం అందిన రోజు ఏమోయ్, గొడవపడి వెళ్లి తిరిగొచ్చిన రోజు కాస్త బెరుకుగా పలికిన ఏమోయ్.

"ఉన్నా," అంది ఆమె. "ఉన్నా. ఉన్నానండీ. ఇక్కడే ఉన్నా." దేనికీ జవాబు తప్పిపోకూడదని ఊపిరి పీల్చకుండా అంటూనే ఉంది. అవి వచ్చేంత వేగంగా ఆమె అనలేకపోయింది. మేస్త్రీ మొహం అటు తిప్పుకుని సానరాయి తుడుస్తూ నిలబడ్డాడు.

తొమ్మిదో నిమిషానికి ఒక్క గొంతే మిగిలింది. అది సెట్టు పెట్టుకున్న మొదటి రోజుది, అన్నిటికన్నా అడుగున ఉన్నది. కొత్త పళ్లతో నోరు తిరగక, మర్నాడు డ్యూటీలో పరువు పోతుందని ఈ గదిలోనే కూర్చుని సాధన చేసినది.

"బష్షు," అంది గిన్నె. "బష్షు. బష్... బస్సు."

తర్వాత నీళ్లు నీళ్లలా ఉన్నాయి. మేస్త్రీ సెట్టు తీసి, కుళాయి కింద మూడుసార్లు కడిగి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. పుండు మానేదాకా పెట్టొద్దని, ఆ పైన రోజూ మాత్ర వేసి నానబెట్టమని చెప్పాడు.

మందు పూస్తుంటే మూడు వారాలకు అంగిలి మామూలు రంగుకొచ్చింది. జ్వరం మళ్లీ రాలేదు. డాక్టరమ్మ గుండెలమీద గొట్టం పెట్టి విని, ఊపిరి తేటగా ఉందంది. ఇంకా చాలా ఏళ్లుంటాడు మీ ఆయన, అంది. ఆమె చేతులు జోడించింది.

సెట్టు మళ్లీ పెట్టుకున్న రోజు సాయంత్రం ఆమె గిన్నెలో మాత్ర వేసి, సెట్టు వదిలి, వంటింట్లోకి వెళ్లబోయింది. వెనక మంచం కిర్రుమంది. ఆయన ఎడమ మోచేతి మీద లేచి, స్టూలు మీదికి ఒరిగి, గిన్నెకు చెవి ఆనించాడు. బుసబుసమని మాత్ర కరిగే చప్పుడు. అది ఆగిపోయాక కూడా చెవి తియ్యలేదు. ఆయన కంట్లోంచి నీళ్లు ముక్కు మీదుగా జారి గిన్నె అంచున పడ్డాయి.

ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ పోయింది తనకే అనుకుంది. తన కోసమే పుండును భరించాడనుకుంది. ఆ గొంతు ఆయనది. ఆయనకు అదొక్కటే మిగిలింది, తను వేళ్లు విప్పి తీసుకుంది.

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. గొంతు సవరించుకుంది. నలుగురిలో నాలుగు మాటలు ఆడని మనిషికి ఏడు నెలల సాయంత్రాలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ప్రయాణికులకు మనవి," అంది. "పదహారో నంబరు బస్సు నాలుగో ప్లాట్‌ఫాం మీదికి వస్తున్నది. దిగేవాళ్లను దిగనిచ్చి ఎక్కండి."

ఆయన చెవి తీసి ఆమెను చూశాడు. ఎడమ చూపుడువేలితో స్టూలు మీద తట్టాడు.

"తలుపులో నిలబడ్డ పెద్దమనిషీ, మిమ్మల్నే," అంది ఆమె, మర్చిపోయినందుకు నాలిక కరుచుకుని.

ఆయన కళ్లు మూసి వింటూ వెనక్కి ఒరిగాడు. ఆమె గొడుగులు చెప్పింది, తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు చెప్పింది, చివరి బస్సు రద్దయినందుకు ఆయనలాగే క్షమాపణ అడిగింది. గొంతు వణుకుతూ మొదలై నిలకడకొచ్చింది. అలా చెప్పుకుంటూ పోయి పోయి ఒకచోట ఆగింది.

ఆయన వేలు తట్టింది. ఆమె నోరు తెరిచింది. రాలేదు. తనను తను ఎలా పిలుచుకుంటుంది? వేలు మళ్లీ తట్టింది, ఈసారి మెల్లగా.

"అది మీరనాలి," అంది ఆమె.

ఆయన కళ్లు తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయాడు. పెదవులు కదిలాయి కానీ గాలి తప్ప రాలేదు. ఆమె కుర్చీని మంచానికి ఆనేలా లాగి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఉన్నానండీ," అంది.