కోళ్ల గదిలోని గాలి

కొనకనమిట్ల దగ్గరి పల్లెలో వెంకటసుబ్బులమ్మ కోళ్లను ప్రాణంగా సాకేది. బావురుపిల్లి బెడద పడలేక ఆరేళ్ల కిందట పెరట్లో వాటికి రాతిగోడల గది కట్టించింది. కిటికీ లేదు, ఒక్కటే తలుపు. పోయినేడు కోడలు కృష్ణవేణి కాపురానికి వచ్చాక ఆ గది ఊడ్చే పని ఆమెకు వచ్చింది.

ఆ ఏడు, అంటే 1937 ఎండాకాలంలో కోళ్లు గురక పెట్టసాగాయి. నోళ్లు తెరిచి రొప్పి రొప్పి, పది రోజుల్లో పదకొండు చచ్చాయి.

"నువ్వు కాలు పెట్టినాకనే ఈ పీడ తగులుకునింది," అంది వెంకటసుబ్బులమ్మ కోడలితో.

కృష్ణవేణి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఊడ్చేది, బయటికొచ్చి దగ్గేది. అత్త మాట ఊరంతా పాకింది. బావి దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి పక్కకు జరిగేవాళ్లు.

ఆ వారంలోనే పశువులకు సూదులు వేయడానికి మార్కాపురం నుంచి డాక్టరు చెన్నకేశవరావు వచ్చాడు. కృష్ణవేణి భర్త ఓబులేసు ఆయనను ఇంటికి పిలుచుకొచ్చాడు. డాక్టరు కోళ్ల గదిలో నిమిషం కూడా నిలవలేకపోయాడు. బయటికొచ్చి, పెట్టెలోంచి మూతలున్న రెండు గాజుగిన్నెలు తీశాడు. వాటి అడుగున తాటిముంజలా తేటగా ఏదో గడ్డకట్టి ఉంది. ఒకదాన్ని గదిలో, ఒకదాన్ని వాకిట్లో కాసేపు తెరిచి పెట్టి, మూతలు వేసి, గుడ్డలో చుట్టి కృష్ణవేణి చేతికిచ్చాడు.

"వెచ్చగా ఒకచోట పెట్టమ్మా. తెరవొద్దు. పొదిలి పోయి మూడో రోజు వస్తా."

చెప్పినట్టే వచ్చి గుడ్డ విప్పాడు. వాకిట్లో పెట్టిన గిన్నెలో నాలుగైదు చుక్కలున్నాయి. గదిలో పెట్టిన గిన్నెలో సూది మోపే చోటు లేదు. తెల్లవి, పచ్చవి, బూడిదరంగువి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

"ఏంది నాయనా ఇయ్యి?" దగ్గుతూ అంది వెంకటసుబ్బులమ్మ.

"కంటికి కనపడని జీవాలమ్మా. పెంట ఎండి దుమ్ము లేస్తే దాంతో గాలిలో తేలుతుంటాయి. ఒక్కోటి ఈ గడ్డ మీద పడి లక్షలుగా పెరిగితే ఇట్ల చుక్కయి కనపడుతుంది. కోళ్లు చచ్చింది వీటితోనే అని గట్టిగా చెప్పలేను. ఈ గాలి మాత్రం కోడికీ మంచిది కాదు, మనిషికీ మంచిది కాదు. మీకూ దగ్గున్నట్టుంది, ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేండ్లయితాంది," అని ఆమె ఆగిపోయింది. గది కట్టి ఆరేళ్లు. కోడలు వచ్చి ఏడాది.

డాక్టరు వెళ్లగానే వెంకటసుబ్బులమ్మ గడ్డపార తీసుకుని గది వెనక గోడలో రాయి పెకలించబోయింది. ఓబులేసు అడ్డం వచ్చాడు.

"అమ్మా, పిల్లి దూరతాది!"

"పిల్లిని కర్రతో కొట్టొచ్చురా. దీన్ని దేంతో కొడతావు?"

ఎదురెదురు గోడలకు రెండు కిటికీలు తెరిచి ఇనుప జల్లెడ బిగించారు. పెంట ఏ రోజుదారోజు ఎత్తిపోశారు, నీళ్లు చల్లి ఊడ్చారు. ఆ తరవాత కూడా నాలుగు కోళ్లు పోయాయి. మిగిలినవి తొలకరికి తేరుకున్నాయి. కృష్ణవేణి దగ్గు తగ్గింది. అత్తది పూర్తిగా పోలేదు.

ఒకరోజు పక్కింటి నాగరత్నమ్మ వచ్చి, "నీ కోడలి అడుగు ఇప్పుడు కుదురుకునిందేమో వదినా," అంది.

"ఆ మాట పుట్టించింది నేను. తప్పు మాట. దాని అడుగులో ఏ దోసం లేదు, కిటికీ లేకుండా గది కట్టుకునింది నేను," అంది వెంకటసుబ్బులమ్మ. "బావి కాడ అందరికీ చెప్పు."

లోపల జొన్నలు చెరుగుతున్న కృష్ణవేణి ఆ మాట విని చాట కింద పెట్టింది. కాసేపటికి లేచి, అత్తకు మంచినీళ్లు తెచ్చిచ్చి, ఆమె తాగేదాకా పక్కనే నిలబడింది.