నా ఒంటి సంగతులు

గుండెలో కవాటం మార్చినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాను. ఆ మోతాదు ఎంతకీ కుదరదు. కాస్త ఎక్కువైతే చిగుళ్ళ నుంచి రక్తం, తగ్గిస్తే లోపల గడ్డ కడుతుందని భయం. బరంపురం ఆసుపత్రిలో ఈమధ్య కొత్త పద్ధతి పెట్టారు. రక్తంలో జన్యువులు చూస్తారు. ఆయుర్వేదం ప్రకారం వాతమా, పిత్తమా, కఫమా అని మనిషిని కూర్చోబెట్టి అడుగుతారు. రెండూ కలిపి ఎవరి మోతాదు వారికి రాస్తారు.

మొదటిసారి మా ఆయన వైకుంఠరావు పక్కనే కూర్చున్నారు. బడా బజార్లో పప్పుల హోల్‌సేల్ కొట్టు ఆయనది, బేరంలో ఎదుటివాణ్ణి నోరెత్తనివ్వరు. డాక్టరమ్మ నవ్య నన్నడిగితే, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, జవాబులన్నీ ఆయనవే.

"ఆకలి తక్కువండి. అందరం తిన్నాక ఏదో ఇంత తింటాది. కోపమా? మా అమ్మణ్ణికి కోపమేటి. ఎండన్నా సలన్నా ఏటీ అనదు."

మెచ్చుకుంటున్నారనుకుని తలూపాను. కాస్త మురిశాను కూడా.

వారం తర్వాత నవ్య మళ్ళీ పిలిచి, ఆయన్ని బయట కూర్చోమంది.

"రక్తంలో ఒకటి తేలింది, ఆయన సెప్పింది ఇంకోటి. అది నమ్మి మాత్ర రాస్తే పెమాదం. ఈసారి మీరే సెప్పండమ్మా. ఆకలి ఎప్పుడేస్తాది?"

"ఆయన కొట్టు నుంచొచ్చి తిన్నాక."

ఆ అమ్మాయి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. చల్లటివి ఇష్టమా, వేడివా? తెలియదు. ఎవరూ లేపకపోతే ఎంతసేపు పడుకుంటాను? తెలియదు. ఎవరో పక్కింటావిడ సంగతి నన్నడుగుతున్నట్టు అనిపించింది.

"పోనీ, పెళ్ళికి ముందు?"

మా పుట్టిల్లు అస్కా గుర్తొచ్చింది. బడి నుంచి వస్తూనే సంచీ విసిరేసి చద్దన్నం కుండలోంచే తినేసేదాన్ని. ఆలస్యమైతే అమ్మ మీద అరిచేదాన్ని. ఎండాకాలం గచ్చు తడుపుకుని పడుకునేదాన్ని. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆ పిల్లని ఇన్నేళ్ళూ ఒక్కసారైనా తలుచుకోలేదే అని బాధేసింది.

"పుట్టుకతో వచ్చిన పెకృతి మారదమ్మా. మీది పిత్తం. ఇప్పుడు రక్తంలో తేలిందీ, మీరు సెప్పిందీ కలిసాయి," అని నవ్య కొత్త మోతాదు రాసింది.

ఆటోలో ఆయనకి అంతా చెప్పాను.

"ఇన్నాళ్ళూ నాకు సెప్పలేదేటి?" అన్నారు.

"మీరడిగారేటి?"

 ఇంటికెళ్ళగానే ఆయనే నాకు కంచం పెట్టారు.

"ముందు నువ్వు తిను. ఏ కూర సెయ్యమందాం కోడల్ని?"

ఎంత ఆలోచించినా ఆయనకిష్టమైన కూరలే గుర్తొచ్చాయి.