గోడవైపు తిరిగిన మార్కులు

నేను ఒక ఫైలును. ఇంతవరకే చెబితే ఆఫీసు బీరువాల్లో చెదలు తినే అట్టల జాతి అనుకుంటారేమో, ఆ జాతితో నాకు చుట్టరికం లేదు. నేను సర్టిఫికెట్ల ఫైలును. మెరూన్ రంగు, లోపల ఇరవై అద్దాల్లాంటి జేబులు, టక్కుమని పడే గుండీ, నుదుటిమీద బంగారు అక్షరాలు. ఆ అక్షరాల్లో సగం ఇప్పుడు రాలిపోయాయి. గర్వం మాత్రం చాలాకాలం రాలలేదు. ఆ కథే చెబుతాను.

నేను పుట్టింది ఒక రేకుల షెడ్డులో. ప్లాస్టిక్ గుళికలు కరిగించి, పలచగా సాగదీసి, వేడి కడ్డీతో అంచులు అతికించారు. ఆ పూట నాతో పుట్టినవాళ్ళలో కొందరు ఆస్పత్రి రిపోర్టుల పాలయ్యారు, ఒకరిద్దరు ఇళ్ళ దస్తావేజులు మోశారు. నేను తెనాలిలో ఒక జిరాక్సు షాపు మేకుకి వేలాడుతుంటే, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే కోటేశ్వరరావు గారు వచ్చి కొన్నారు. వాళ్ళమ్మాయి ప్రసూన పదో తరగతి పాసై, ఆరోజే మార్కుల మెమో తెచ్చుకుంది. లెక్కల్లో తొంభై ఆరు. ఆయన నాకు పసుపుబొట్టు పెట్టి, మెమోని మొదటి జేబులోకి జార్చి కూతురి చేతికిచ్చారు.

"జాగ్రత్త తల్లీ. రేపు నలుగురిలో నీ గురించి మాట్లాడేది ఇదే."

ఆ మాట నేను నమ్మేశాను. నా కష్టాలన్నీ అక్కణ్ణుంచే మొదలు.

తర్వాత ఇంటర్ వచ్చి చేరింది, బీయస్సీ చేరింది, టైపు లోయరు, ముగ్గుల పోటీలో మూడో బహుమతి కూడా చేరాయి. ఒక్కో కాగితం పడినప్పుడల్లా నేను ఇంకాస్త ఉబ్బేవాణ్ణి. ప్రసూనకి పెళ్ళయింది. పట్టుచీరల మధ్య పడుకుని నేనూ హైదరాబాదు వచ్చాను, నిజాంపేటలో మూడో అంతస్తుకి. అక్కడ పదకొండేళ్ళు బీరువా అడుగున ఉన్నాను. అప్పుడప్పుడూ ఎవరో తీసి, వెతుకుతున్న కరెంటు బిల్లు నాలో లేదని చిరాకుపడి మళ్ళీ లోపలికి తోసేవారు. బీయస్సీని పట్టుకుని కరెంటు బిల్లు కోసం వెతకడమేమిటని నాకు మండిపోయేది.

ప్రసూన కూతురు అయిదో తరగతికొచ్చాక ఆమెకి ఉద్యోగం చెయ్యాలనిపించింది. ఆ సంగతి తెలిసి బావగారు, అంటే ఆమె భర్త శేషగిరికి అన్న, మియాపూర్‌లో ఉన్న తన టైల్స్ షాపులో కౌంటరు దగ్గర కూర్చోమన్నారు. శేషగిరికి నచ్చింది. ఆమెకి నచ్చలేదు.

"ఆయన షాపులో కూర్చుంటే నేను ఆయన మరదలినే అవుతానండీ. నేనెవరో తెలియనివాళ్ళు చూసి, ఈమె పనికొస్తుంది అనాలి. ఒక్కసారైనా అనాలి."

"అనకపోతే?"

"దసరా దాకా చూస్తాను. అప్పటికీ ఎవరూ అనకపోతే ఆ కౌంటరు దగ్గరే కూర్చుంటాను. మాట."

ఆమె నన్ను బీరువాలోంచి తీసి, తడిగుడ్డతో తుడిచింది. నా రోజులొచ్చాయనుకున్నాను. ఎనిమిది ఇంటర్వ్యూలకి వెళ్ళాం. ఎనిమిదిచోట్లా నన్ను గుండెకి హత్తుకుని కూర్చుంది. ఎనిమిదిచోట్లా ఒకటే ప్రశ్న, పదకొండేళ్ళు ఏం చేశారు అని. ఆమె నా గుండీ మీద చెయ్యి వేసేలోపే "కబురు చేస్తాం" అనేవారు. ఒక్కరూ నన్ను తెరవలేదు. చదువు ఎక్కువై భయపడుతున్నారని నాకు నేనే చెప్పుకున్నాను.

ఈలోగా ఇంట్లో ఇంకో వ్యవహారం నడుస్తోంది. అత్తగారు సుబ్బరత్నం గారికి ఫోన్‌లో టిఫిన్ సెంటర్ ఆట అలవాటైంది. బల్లల దగ్గరకి బొమ్మ మనుషులొస్తారు, వాళ్ళు అలిగి వెళ్ళిపోయేలోగా ఇడ్లీలు, దోసెలు పెట్టాలి. ఆవిడ భక్తిగా ఆడేవారు.

"ఏమే ప్రసూనా! చట్నీ గిన్నె మళ్ళీ మాయమైందే!"

"మధ్యలో ఫోనేమైనా వచ్చిందా అత్తయ్యా?"

"మీ ఆడపడుచు చేసింది. ఎత్తకపోతే ఊరుకుంటుందా? మాట్లాడి వచ్చేసరికి గిన్నె లేదు."

ప్రసూన కూర తిప్పుతూనే తన ఫోన్ నుంచి రింగ్ ఇచ్చి చూసింది. నిజమే, ఫోన్ ఎత్తినప్పుడల్లా గిన్నె మాయమవుతోంది. ఆ సంగతి ఆట కిందే ఉన్న అభిప్రాయాల డబ్బాలో రాసి పంపింది. అలా నాలుగు తప్పులు రాసినా జవాబు రాలేదు. అయిదోదానికి జవాబొచ్చింది. ఇలాంటివి పట్టే పనికే మనుషుల్ని తీసుకుంటున్నాం, ఇష్టముంటే మాదాపూర్ ఆఫీసుకొచ్చి పరీక్షకి కూర్చోండి అని.

సుబ్బరత్నం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "తప్పులు పట్టడానికి ఉద్యోగం ఇస్తారా? నలభై ఏళ్ళుగా ఊరికే చేస్తున్నాను కదే నేను!"

దసరా ఇంకా నాలుగు రోజుల్లో ఉంది. ప్రసూన నాలోని కాగితాలన్నీ, ఎందుకైనా మంచిదని, రెండేసి జిరాక్సులు తీయించింది. వెళ్ళాం.

అక్కడ ఆరుగురు కుర్రాళ్ళు మెడల్లో హెడ్‌ఫోన్లు వేసుకుని కూర్చున్నారు. ఒక్కరి చేతిలోనూ ఫైలు లేదు. పాపం, చదువు లేని పిల్లలనుకుని జాలిపడ్డాను. పక్కనున్న అబ్బాయి అడిగాడు.

"ఆంటీ, ఇంటర్వ్యూ మీ అబ్బాయికా?"

"నాకే నాన్నా."

అతను హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టేసుకున్నాడు.

పరీక్ష పెట్టే అమ్మాయి పేరు మనస్విని. ఇరవై ఆరేళ్ళుంటాయి, జుట్టులో ఒక పాయకి నెమలికంఠం రంగు. మీరు చేసిన పనులు చూపించే లింక్ ఏదైనా ఉందా మేడం అంది. ప్రసూన నన్ను ఆమె ముందుకి జరిపింది. నేను ఊపిరి బిగబట్టాను.

"ఇది వద్దు మేడం. ఏం సదివిన్రో మేం అడగం. ఏం తప్పులు పడ్తరో సూస్తం, గంతే" అంటూ నన్ను పక్కకి జరిపి, నా మీద కాఫీ కప్పు పెట్టింది. ఆ గుండ్రటి మరక ఇప్పటికీ నా బంగారు అక్షరాల మధ్యే ఉంది.

తలా ఒక ఫోన్ ఇచ్చారు. ఇంకా బయటికి రాని కొత్త వంటల ఆట. గంట టైము. దొరికిన తప్పులు లాప్‌టాప్‌లో ఎక్కించాలి.

"కాగితం మీద రాయొచ్చా అమ్మా? నాకు అది అలవాటు."

"రాయిండ్రి మేడం. కానీ మా ఆఫీసుల కాగితాలే లేవు."

అప్పుడు టక్కుమంది నా గుండీ. తొమ్మిదో ఇంటర్వ్యూలో మొదటిసారి! నేను ఇరవై జేబులూ విప్పార్చుకుని నిలబడ్డాను. ఆమె జిరాక్సులు లాగి, అన్నిటినీ బోర్లా తిప్పి, తెల్లగా ఉన్న వెనకవైపు "ఒకటి" అని అంకె వేసింది.

ఆ తర్వాత జరిగింది చూసి సిగ్గుతో నా అంచులు ముడుచుకుపోయాయి. కుర్రాళ్ళు బొటనవేళ్ళు కదులుతున్నాయో లేదో తెలియనంత జోరుగా ఆడుతున్నారు. పదో లెవెల్, ఇరవయ్యో లెవెల్. ప్రసూన ఒక దోసె పోసి ఫోన్ బోర్లా పెట్టేస్తుంది. యాభై దాకా లెక్కపెట్టి మళ్ళీ తీస్తుంది. సీసా మూతలో నీళ్ళు పోసి వేలు తడుపుకుని నొక్కుతుంది. చంకలో పిల్ల ఉన్నట్టు కుడిచెయ్యి మడిచి, ఎడమచేత్తో ఆడుతుంది. ఆ ఫోన్ నంబరు అడిగి తెలుసుకుని, తనకి తనే రింగ్ ఇచ్చుకుంటుంది. నీళ్ళకి లేచి వెళ్ళి వస్తుంది. వచ్చి ఏదో రాస్తుంది. కూర్చుని బుద్ధిగా ఆడు తల్లీ, లెక్కల్లో తొంభై ఆరు తెచ్చుకున్నదానివి అని మొత్తుకున్నాను. ఫైళ్ళ మాట వినేదెవరు?

గంట అయింది. ఒకబ్బాయి యాభై ఒకటో లెవెల్‌కి చేరాడు. ప్రసూన మూడు దగ్గరే ఉంది. టైల్స్ షాపు కౌంటరు మీద నా స్థానం ఎక్కడుంటుందా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

మనస్విని కాగితాలు తీసుకుంది. అయిదు పేజీలు, ఇరవై ఏడు తప్పులు. నిలబడి చదవడం మొదలుపెట్టిన పిల్ల రెండో పేజీకి కూర్చుంది.

"మేడం, ఆట మధ్యల గిన్నిసార్లు ఎందుకు లేసిన్రు?"

"లేవకుండా గంటసేపు ఆడుకునే ఆడమనిషి మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కతీ లేదమ్మా. కుక్కర్ కూస్తుంది, బెల్లు మోగుతుంది, మా అత్తయ్య పిలుస్తుంది. చెయ్యి తుడుచుకునే తీరికుండదు. ఈ వంటల ఆటలు ఆడేది ఎక్కువగా మేమే కదా?"

ఆ పిల్ల మిగతా పేజీలూ తిప్పింది. "మేమందరం కూసున్నకాడికెళ్ళి లేవకుండ ఆడి, మస్తుందని బయటికి పంపిస్తున్నం" అంది. "ఈ కాగితాలు నేనుంచుకోవచ్చా మేడం?"

మూడు రోజులు ఫోన్ రాలేదు. దసరా ముందురోజు మధ్యాహ్నం, బావగారు షాపులో కొత్త కుర్చీ వేయించి మెత్తటి దిండు కూడా పెట్టించారని శేషగిరి చెబుతుండగా వచ్చింది. ప్రసూన విని, సరేనమ్మా అని పెట్టేసి, అక్కడే పీట మీద కూర్చుంది. తర్వాత తనే బావగారికి చేసింది.

"బావగారూ, ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టండి. నాకు ఉద్యోగం వచ్చింది."

"ఎందులోనమ్మా?"

"ఫోన్‌లో ఆటలు ఆడాలి బావగారూ."

ఆయన ఫోన్ ఒకసారి శేషగిరికి ఇమ్మన్నారు. 

చేరేరోజు నన్నూ తీసుకెళ్ళింది, అసలు కాగితాలు అడుగుతారేమోనని. "ఫొటోలు కొట్టి పంపిండ్రి, సాలు" అంది మనస్విని. అప్పుడు చూశాను. గోడకి వరసగా అయిదు కాగితాలు గుచ్చి ఉన్నాయి, ఇరవై ఏడు తప్పులూ పైకి కనిపించేలా. పిల్లలందరూ కాఫీలు పట్టుకుని వాటి ముందు నిలబడి చదువుతున్నారు. బీయస్సీ, టైపు, ముగ్గులు అన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి. లెక్కల్లో తొంభై ఆరు సంగతి ఆ గోడకి ఒక్కదానికే తెలుసు. కోటేశ్వరరావు గారు చెప్పినట్టు ఆ కాగితాలు మాట్లాడాయి, కాకపోతే నన్ను అడిగి మాట్లాడలేదు.

అసలు కాగితాలు ఒక కవరులోకి మారి బీరువాలోకి వెళ్ళాయి. నేను ఫ్రిజ్ మీద ఉంటున్నాను. గ్యాస్ పుస్తకం, సుబ్బరత్నం గారి బీపీ చీటీలు, చివరికి ఆ కరెంటు బిల్లు కూడా నాలోనే. వీటిలో ఏదీ నా హోదాకి తగింది కాదు. కానీ ఒక్క సంగతి ఒప్పుకోవాలి, ఇప్పుడు నన్ను రోజూ తెరుస్తున్నారు. సాయంత్రం ఆట అయిపోయాక సుబ్బరత్నం గారు క్యాలెండరు కాగితం వెనక ఏదో రాసి, ఒకప్పుడు పదో తరగతి మెమో ఉన్న మొదటి జేబులో పెడతారు. పొద్దున్నే ప్రసూన చెప్పులేసుకుంటూ అది తీసుకుని వెళుతుంది. ఇవాళ్టిది ఇదిగో:

"ప్రసూనా, దోసె మాడినా పొగ రావడం లేదు. మొన్నే చెప్పాను. నా మాట అంటే ఆ పిల్లలకి లెక్కలేదా? పేపరు మీద నా పేరు కూడా వేసి గోడకి పెట్టమను."